మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ సొంత ప్రాసెసర్: ఏవి మొదటి రోజే నడుస్తాయి, ఏవి ఆగిపోతాయి?

#1 కొత్తచిగురు · 2020 అక్టోబర్ 4

సొంత చిప్‌తో మొదటి మ్యాక్ ఈ ఏడాది ముగిసేలోపే వస్తుందని, మ్యాక్ మోడళ్లన్నీ మారడానికి రెండేళ్లు పడుతుందని ఆపిల్ జూన్ 22న చెప్పింది. ఇప్పుడున్న ఇంటెల్ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో తీసుకోవాలా, ఆగాలా తేల్చుకోవాలి. మెషీన్ మీద జరగాల్సిన పని ఇది: ఫొటోషాప్, అందులో కొన్ని ప్లగిన్లు. ఆడియో రికార్డింగ్, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. బూట్ క్యాంప్‌లో (మ్యాక్‌ని నేరుగా విండోస్‌తో తెరిచే సదుపాయం) ఒక విండోస్ ప్రోగ్రామ్. డాకర్ (ప్రోగ్రాములను విడి పొట్లాలుగా కట్టి నడిపే సాధనం).

ఎంత వేగం అన్న చర్చ ఎక్కడ చూసినా ఉంది. ఇక్కడ అడుగుతున్నది వేరు: ఏది నడుస్తుంది, ఏది నడవదు, ఎందుకు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

#2 అర్ధవాహకం · అక్టోబర్ 4

ముందు చిప్ సంగతి. నానోమీటర్ల అంకె తగ్గేకొద్దీ తయారీ కొత్తది. ఇంటెల్ 14 నానోమీటర్ల తయారీ 2014లో బ్రాడ్‌వెల్‌తో మొదలైంది. ఆరేళ్లయినా 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, రెండు పోర్టుల 13 అంగుళాల ప్రో ఇంకా దాని మీదే ఉన్నాయి. 10 నానోమీటర్ల ఐస్ లేక్ వచ్చింది మ్యాక్‌బుక్ ఎయిర్‌లో, నాలుగు పోర్టుల 13 అంగుళాల ప్రోలో మాత్రమే. 7 నానోమీటర్లు కూడా ఆలస్యమని ఇంటెల్ ఈ జూలైలో ఒప్పుకుంది. అటు ఆపిల్ చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల తయారీలో ఉంది. సెప్టెంబర్ 15న ఐప్యాడ్ ఎయిర్‌తో ప్రకటించిన ఏ14 చిప్ దాని మీద చేసిందే: 1,180 కోట్ల ట్రాన్సిస్టర్లు, 2 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు.

కొత్త చిప్‌కి ఆప్‌లను సిద్ధం చేసుకోవడానికి డెవలపర్లకు 500 డాలర్లకు ఇచ్చిన ట్రాన్సిషన్ కిట్ అంకెలు చూసి ఎవరూ నిరాశపడొద్దు. అది మ్యాక్ మినీ పెట్టెలో పెట్టిన ఏ12జెడ్, 16 జీబీ మెమరీ, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ఏ12జెడ్ అంటే 2018 ఐప్యాడ్ ప్రోలోని ఏ12ఎక్స్‌కి ఒక గ్రాఫిక్స్ కోర్ కలిపినది. 7 నానోమీటర్ల చిప్. బయటికొచ్చిన గీక్‌బెంచ్ (వేగం కొలిచే ప్రోగ్రామ్) ఫలితాల్లో సింగిల్ కోర్ సుమారు 800 అని కనబడింది కదా, అది ఇంటెల్ కోసం కంపైల్ చేసిన గీక్‌బెంచ్‌ని రోజెట్టాలో (ఇంటెల్ ఆప్‌లను కొత్త చిప్ కోసం అనువదించే ఆపిల్ సాఫ్ట్‌వేర్) నడిపితే వచ్చిన అంకె. అదే చిప్ ఐప్యాడ్‌లో నేటివ్‌గా, అంటే అనువాదం లేకుండా, సుమారు 1,100 ఇస్తుంది. రాబోయే ల్యాప్‌టాప్ చిప్‌ని దీంతో అంచనా వేయడం కుదరదు. ఏ14 తరం కోర్లే కాస్త ఎక్కువ సంఖ్యలో ఉంటాయని నా అంచనా.

వేడి గురించి ఒక మాట. 2015 నుంచి 2019 దాకా అమ్మిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో ఫ్యాన్ లేదు. అలాంటి మెషీన్‌లో చిన్న పనులు చురుగ్గానే సాగుతాయి, గంటసేపు వీడియో ఎగుమతి పెడితే మాత్రం వేగం తగ్గుతుంది. సొంత చిప్ తక్కువ వాట్లు తాగినా ఈ నియమం మారదు. నిరంతర లోడ్ ఉన్నవాళ్లు ఫ్యాన్ ఉన్న మోడలే చూసుకోండి.

#3 రిజిస్టర్31 · అక్టోబర్ 4

ఇక రోజెట్టా 2. ఇది సరిగ్గా అర్థమైతే కొత్తచిగురు గారి ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

ఇంటెల్ ఆప్‌ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడో, మొదటిసారి తెరిచేటప్పుడో దాని ఎక్స్86-64 (ఇంటెల్) కోడ్ మొత్తాన్ని ఆర్మ్64 (ఆపిల్ చిప్‌కి అర్థమయ్యే) కోడ్‌గా అనువదించి డిస్క్ మీద దాచుకుంటుంది. అందుకే మొదటిసారి తెరవడం ఆలస్యం, తర్వాత మామూలే. నడుస్తుండగా కోడ్ పుట్టించే ప్రోగ్రాములు ఉంటాయి: జావా, బ్రౌజర్లలోని జావాస్క్రిప్ట్ ఇంజిన్లు. వాటి కోడ్‌ని అప్పటికప్పుడే అనువదించాలి. ఇంజిన్ ఒకసారి కంపైల్ చేస్తుంది, దాన్ని రోజెట్టా మళ్లీ మారుస్తుంది. కాబట్టి బ్రౌజర్ ఇంజిన్ మీద కట్టిన చాట్ ఆప్‌లు, ఎడిటర్లు నేటివ్ కూర్పు వచ్చేదాకా బరువుగానే నడుస్తాయి. పెద్ద వీడియో ఎడిటర్ కంటే చిన్న చాట్ ఆప్ ఎక్కువ విసిగించవచ్చు.

రోజెట్టా చేయనివి మూడు:

కెర్నల్ ఎక్స్‌టెన్షన్లను, అంటే సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లో చేరే డ్రైవర్ల వంటివాటిని, అనువదించదు. పాత డ్రైవర్ ఉంటే అది ఆగిపోయినట్టే.

ఎక్స్86 వర్చువల్ మెషీన్ ప్రోగ్రాములను (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని సృష్టించేవి) నడపదు.

ఒకేసారి చాలా అంకెలు లెక్కించే ఇంటెల్ ఆదేశాలు ఏవీఎక్స్, ఏవీఎక్స్2, ఏవీఎక్స్-512 తెలియవు. చక్కగా రాసిన ప్రోగ్రామ్ ముందు ప్రాసెసర్‌ని అడిగి, లేకపోతే ఎస్ఎస్ఈ అనే పాత ఆదేశాల దారి పడుతుంది. అడగకుండా నేరుగా వాడేది అక్కడే పడిపోతుంది. పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌లో దొరికే టెన్సర్‌ఫ్లో (మెషీన్ లెర్నింగ్) ప్యాకేజీ ఏవీఎక్స్ ఉంటుందనే నమ్మకంతో కంపైల్ చేసింది. రోజెట్టా కింద దాన్ని ఇంపోర్ట్ చేయగానే చెల్లని ఆదేశమంటూ ఆగుతుంది.

వీటికంటే ముఖ్యమైనది, జనం పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. ఒకే ప్రాసెస్‌లో ఇంటెల్ కోడ్, ఆర్మ్ కోడ్ కలవవు. ఆప్ నేటివ్ అయితే దాని లోపలికి లోడయ్యే ప్రతి ప్లగిన్, ప్రతి లైబ్రరీ నేటివ్ అయి తీరాలి. ఆప్ పేరు చూసి ధైర్యపడొద్దు, దాని లోపల ఏం కూర్చుందో చూడండి. ఫొటోషాప్, లైట్‌రూమ్ నేటివ్‌గా నడవడం జూన్ కార్యక్రమంలో చూపించారు. చాలా బాగుంది. కానీ మీ ఫొటోషాప్ ప్లగిన్ తయారీదారు ఆర్మ్ కూర్పు ఇచ్చేదాకా ఆ ప్లగిన్ కోసం ఫొటోషాప్ మొత్తాన్ని రోజెట్టాలో తెరవాల్సిందే. ఫైండర్‌లో ఆప్ మీద 'గెట్ ఇన్ఫో' తీస్తే అందుకు టిక్ పెట్టే చోటు ఉంటుంది.

#4 తోకచుక్క · అక్టోబర్ 5

రోజెట్టా ఉంది కదా, మ్యాక్ ఓఎస్ కాటలినాలో పోయిన పాత 32 బిట్ ప్రోగ్రాములు కూడా దాని కింద మళ్లీ నడుస్తాయా?

#5 రిజిస్టర్31 · అక్టోబర్ 5

నడవవండి. రోజెట్టా 2 కేవలం 64 బిట్ ఇంటెల్ కోడ్‌కే. 2019 అక్టోబర్‌లో కాటలినా 32 బిట్ లైబ్రరీలను సిస్టమ్ నుంచే తీసేసింది. అనువదించినా కింద పిలవడానికి ఏమీ లేదు. ఆ ఏరివేత ఈ మార్పుకి ముందస్తు పనే అనిపిస్తుంది.

#6 నాదబిందు · అక్టోబర్ 5

ఆడియో వాళ్లకు పైన చెప్పిన ప్లగిన్ నియమమే పెద్ద చిక్కు. ఒక ప్రాజెక్టులో ఐదారు కంపెనీల ప్లగిన్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి ఇంటెల్ మీదే ఉన్నా మొత్తం సాఫ్ట్‌వేర్‌ని రోజెట్టాలో పెట్టుకోవడమే క్షేమం. ఇంకో దారి ఉంది: ఆ ప్లగిన్ ట్రాకుని ఇప్పుడే ఆడియోగా ఫ్రీజ్ చేసి, 24 బిట్ వేవ్ ఫైలుగా బయటికి తీసి ప్రాజెక్టుతోపాటు దాచుకోవడం. పాత ప్రాజెక్టులకు ఈ పని కొత్త మెషీన్ వచ్చాక కాదు, ఇంటెల్ మెషీన్ చేతిలో ఉండగానే చేయాలి. తెరుచుకోని ప్లగిన్ నుంచి శబ్దం బయటికి తీసే మార్గం లేదు.

ఇంటర్‌ఫేస్ రెండు రకాలు. క్లాస్ కంప్లయంట్ అయితే మ్యాక్ ఓఎస్‌లోని కోర్ ఆడియో డ్రైవరే చాలు, భయం లేదు. దాన్ని ఐప్యాడ్‌కి అడాప్టర్‌తో తగిలిస్తే పనిచేస్తుందా అన్నది మంచి పరీక్ష. రెండో రకం సొంత కెర్నల్ డ్రైవర్‌తో వచ్చేది. మీది ఏ రకమో తెలియాలంటే టెర్మినల్‌లో కెక్స్ట్‌స్టాట్ కమాండు ఇచ్చి, ఆపిల్ పేరుతో ఉన్న వరుసలు వదిలేసి మిగిలినవి చూడండి. ఇంటర్‌ఫేస్ కంపెనీ పేరు అక్కడ కనిపిస్తే వాళ్ల ఆర్మ్ డ్రైవర్ వచ్చేదాకా ఆగండి.

ఆర్మ్ కెర్నల్ ఎక్స్‌టెన్షన్ వచ్చినా ఊరికే లోడవదు. కొత్త మ్యాక్‌లలో రికవరీలోకి వెళ్లి భద్రత స్థాయిని 'ఫుల్' నుంచి 'రెడ్యూస్డ్'కి దించాలి. ఆపిల్ కొత్త డ్రైవర్ పద్ధతి డ్రైవర్‌కిట్ మీద తిరగరాసినవి కెర్నల్ బయట నడుస్తాయి కాబట్టి వాటికి ఆ అవసరం లేదు. కంపెనీకి ఉత్తరం రాసేటప్పుడు "బిగ్ సర్‌కి సపోర్ట్ ఉందా" అని మాత్రమే అడగకండి (బిగ్ సర్ అంటే కాటలినా తర్వాతి మ్యాక్ ఓఎస్). ఇంటెల్ మీద బిగ్ సర్ సపోర్ట్ వేరు, ఆపిల్ చిప్ మీద సపోర్ట్ వేరు. రెండూ విడివిడిగా అడగండి.

#7 పెంగ్విన్ నేస్తం · అక్టోబర్ 6

విండోస్ గురించి నేను మొహమాటం లేకుండా చెప్తాను: ఆ విండోస్ ప్రోగ్రామ్ మీదే పని ఆధారపడి ఉంటే ఇంటెల్ మెషీన్ తీసుకోండి, ఇప్పుడే.

బూట్ క్యాంప్ లేదు. వేరే సిస్టమ్‌ని నేరుగా బూట్ చేయడం తమ ఆలోచనలో లేదని, దారి వర్చువలైజేషనేనని ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిగీ జూన్‌లోనే అన్నారు. వర్చువలైజేషన్ అంటే ఆర్మ్ మీద ఆర్మ్ సిస్టమే. కార్యక్రమంలో ప్యారలల్స్‌లో చూపించిన లినక్స్ కూడా ఆర్మ్ డెబియనే. ఆర్మ్ విండోస్ 10 ఉంది, కానీ మైక్రోసాఫ్ట్ దాని లైసెన్సు కంప్యూటర్ తయారీదారులకే ఇస్తోంది, విడిగా అమ్మడం లేదు. అది ఇప్పటిదాకా 32 బిట్ ఇంటెల్ ప్రోగ్రాములనే ఎమ్యులేట్ చేస్తుంది (అనుకరించి నడుపుతుంది). 64 బిట్‌ని నవంబర్‌లో ఇన్‌సైడర్లకు పరీక్షకు ఇస్తామని సెప్టెంబర్ 30న చెప్పారు. క్యూఎమూ అనే ఎమ్యులేటర్‌తో ఇంటెల్ విండోస్ మొత్తాన్ని ఎమ్యులేట్ చేయడం సాధ్యమే. అయితే ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్‌లో మార్చాలి కాబట్టి రోజువారీ పనికి ఆ వేగం చాలదు.

డాకర్. మ్యాక్ మీద డాకర్ ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది. కొత్త మ్యాక్‌లో ఆ లినక్స్ ఆర్మ్64 అవుతుంది, ఇమేజీలు (ప్రోగ్రామ్, దానికి కావాల్సినవి కలిపి కట్టిన పొట్లాలు) కూడా ఆర్మ్64 కావాలి. డెబియన్, ఆల్పైన్, పైథాన్, నోడ్, పోస్ట్‌గ్రెస్, రెడిస్ అధికారిక ఇమేజీలకు ఆర్మ్64 రూపం ఉంది. డాకర్ హబ్‌లోని అధికారిక మైఎస్‌క్యూఎల్ ఇమేజ్‌కి లేదు, మరియాడీబీకి ఉంది. ఇప్పుడే చేయదగిన పని: మీ కంపోజ్ ఫైల్లోని (ఏయే ఇమేజీలు నడపాలో రాసే ఫైలు) ప్రతి ఇమేజ్‌కీ డాకర్ మ్యానిఫెస్ట్ ఇన్‌స్పెక్ట్ కమాండు ఇచ్చి, ఆర్కిటెక్చర్ల జాబితాలో ఆర్మ్64 ఉందో లేదో రాసుకోండి.

ఎక్కువగా తప్పేది ఎక్కడంటే, డాకర్‌ఫైల్ (ఇమేజ్ కట్టే సూచనల ఫైలు) లోపల ఏదో టూల్‌ని ఏఎండీ64 (64 బిట్ ఇంటెల్ కోడ్‌కి ఇంకో పేరు) అని రాసిన లింకుతో డౌన్‌లోడ్ చేసే వరుసలు. బేస్ ఇమేజ్ ఆర్మ్‌గా వస్తుంది, ఆ టూల్ ఇంటెల్‌గా వస్తుంది, నడపబోతే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్. ఇమేజ్‌ని షా డైజెస్ట్‌తో (ఒక నిర్దిష్ట ఇమేజ్‌నే సూచించే గుర్తు) పిన్ చేసినవాళ్లు కూడా చూసుకోండి. ఆ డైజెస్ట్ ఏఎండీ64 ఇమేజ్‌దే అయితే ఆర్మ్ రూపం ఉన్నా అది రాదు. అన్ని ఆర్కిటెక్చర్లకూ కలిపి ఉండే మల్టీ ఆర్చ్ మ్యానిఫెస్ట్ డైజెస్ట్ వేయాలి. సర్వర్ ఇంటెల్ అయితే డాకర్ బిల్డ్‌ఎక్స్ సాధనంతో రెండు ప్లాట్‌ఫామ్‌లకూ కట్టండి. లేకపోతే ల్యాప్‌టాప్‌లో నడిచినది సర్వర్‌లో నడవదు.

#8 అర్ధవాహకం · అక్టోబర్ 6

@పెంగ్విన్ నేస్తం, విండోస్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. "ఇప్పుడే" దగ్గర కాదు. మొదటి సొంత చిప్ మ్యాక్ వచ్చిన రోజున ఇంటెల్ మోడళ్లన్నీ మాయం కావు. ఇంటెల్ మ్యాక్‌లు ఇంకా రావాల్సినవి ఉన్నాయని జూన్‌లో చెప్పారు, ఆగస్టులో 27 అంగుళాల ఐమ్యాక్ ఇంటెల్‌తోనే వచ్చింది. కొన్ని వారాలు ఆగితే పోయేదేమీ లేదు.

#9 పెంగ్విన్ నేస్తం · అక్టోబర్ 6

ఇంటెల్ అంతా పోదు, సరే. మొదట మార్చేది చిన్న ల్యాప్‌టాపునే అయితే సరిగ్గా 13 అంగుళాల ఇంటెలే ముందు పోవచ్చు. కొత్తచిగురు గారు చూస్తున్నది దాన్నే. పని ఆగే పరిస్థితిలో ఉన్నవారికి ఆ సాహసం ఎందుకు?

#10 పాతపుట · అక్టోబర్ 7

"ఇంటెల్ కొంటే ఎన్నాళ్లు నడుస్తుంది" అన్నదానికి పోయినసారి జరిగింది చూడండి. అంతకుముందు వాడిన పవర్‌పీసీ చిప్‌ల నుంచి ఇంటెల్‌కి మారుతున్నామని 2005 జూన్ 6న ప్రకటించారు. 2006 జనవరి 10న మొదటి ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో మ్యాక్ ప్రో రాకతో మార్పు పూర్తయింది. పవర్‌పీసీకి చివరి సిస్టమ్ 2007 అక్టోబర్ నాటి లెపర్డ్. 2009 ఆగస్టులో వచ్చిన స్నో లెపర్డ్ ఇంటెల్‌కి మాత్రమే. అంటే 2006 వేసవిలో పవర్ మ్యాక్ జీ5 కొన్నవారి మెషీన్ మూడేళ్లకే కొత్త సిస్టమ్‌కి దూరమైంది.

పవర్‌పీసీ ఆప్‌లను ఇంటెల్ మీద నడిపిన నాటి రోజెట్టా 2011 జూలైలో లయన్ సిస్టమ్‌తో పోయింది. ఐదున్నరేళ్లు. రోజెట్టా 2 శాశ్వతం అనుకుని ఆగిపోయిన ప్లగిన్ మీద కొత్త ప్రాజెక్టులు కట్టకండి.

ఒక తేడా ఉంది. నాటికంటే ఇంటెల్ మ్యాక్‌లు ఇప్పుడు జనం చేతుల్లో చాలా ఎక్కువ. సపోర్ట్ మరికొన్నేళ్లు ఉంటుందని కంపెనీ కూడా అంటోంది. మూడేళ్ల కంటే ఎక్కువే దక్కుతుందని నా నమ్మకం, కానీ లెక్క వేసుకునేటప్పుడు మూడే వేసుకోండి.

#11 సున్నా పాయింటర్ · అక్టోబర్ 7

ఫ్రేమ్‌వర్కులు కాకుండా సీ, సీ++ కోడ్ నిర్వహించేవాళ్లకు: ఆపిల్ డెవలపర్ సాధనం ఎక్స్‌కోడ్ 12లో యూనివర్సల్ బిల్డ్ (ఇంటెల్, ఆర్మ్ రెండింటికీ ఒకే ఆప్) ఒక్క నొక్కుతో అవుతుందన్నది నిజమేనా? ఆ తర్వాత ఏవి విరుగుతాయి?

#12 రిజిస్టర్31 · అక్టోబర్ 8

బిల్డ్ అవడం తేలికే. తేలకుండా దాక్కునే తప్పులు వేరే ఉన్నాయి. ప్రమాదం ఎక్కువ ఉన్నవాటి నుంచి చెప్తాను.

మెమరీ క్రమం. ఇంటెల్‌లో ఒక కోర్ వరుసగా రాసిన రెండు విలువలు మిగతా కోర్లకు అదే వరుసలో కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. బఫర్ నింపి, తర్వాత వోలటైల్ ఫ్లాగ్‌ని 1 చేసే కోడ్ ఇంటెల్‌లో ఏళ్ల తరబడి నడిచి ఉంటుంది. ఇక్కడ ఫ్లాగ్ ముందు కనబడి, బఫర్ పాతదే ఉండొచ్చు. అదీ ఎప్పుడో ఒకసారి. ఫ్లాగ్‌ని అటామిక్ చేసి, రాసేవైపు రిలీజ్, చదివేవైపు అక్వయర్ పెట్టండి. ఇలాంటి తప్పులు పట్టే థ్రెడ్ శానిటైజర్‌ని ఇప్పుడే ఇంటెల్ మెషీన్ మీద నడిపినా వీటిలో చాలావరకు బయటపడతాయి, కొత్త మెషీన్ కోసం ఆగనక్కర్లేదు.

వేరియాడిక్ ఫంక్షన్లు. ఆపిల్ ఆర్మ్64లో ప్రింట్‌ఎఫ్ లాంటివాటి అదనపు ఆర్గ్యుమెంట్లు ఎప్పుడూ స్టాక్ మీద వెళ్తాయి, మామూలు ఫంక్షన్లవి రిజిస్టర్లలో వెళ్తాయి. తప్పు ప్రోటోటైప్‌తో పిలిచినది ఇంటెల్‌లో అదృష్టవశాత్తు నడిచింది, ఇక్కడ చెత్త విలువలు అందుతాయి. ఆబ్జెక్టివ్-సీలో మెసేజ్ పంపే రన్‌టైమ్ ఫంక్షన్‌ని సరైన టైప్‌కి క్యాస్ట్ చేయకుండా నేరుగా పిలిచే పాత కోడ్‌ని ముందు వెతకండి.

పేజీ సైజు. ఇంటెల్‌లో 4 కేబీ, ఇక్కడ 16 కేబీ. కోడ్‌లో 4096 అని రాసి పెట్టి, దాని గుణిజంతో ఎమ్‌మ్యాప్ ఆఫ్‌సెట్ ఇస్తే కాల్ విఫలమవుతుంది. గెట్‌పేజ్‌సైజ్ అడిగి వాడండి.

టైమర్. మాక్ అబ్సల్యూట్ టైమ్ ఫంక్షన్ ఇంటెల్ మ్యాక్‌లలో నేరుగా నానోసెకన్లు ఇచ్చింది కాబట్టి చాలామంది టైమ్‌బేస్‌తో (నానోసెకన్లుగా మార్చే నిష్పత్తి) గుణించడం మానేశారు. ఆపిల్ చిప్ గడియారం 24 మెగాహెర్ట్జ్, టైమ్‌బేస్ 125/3. గుణించకపోతే మీ టైమ్‌అవుట్లన్నీ సుమారు 42 రెట్లు తప్పుతాయి.

జిట్ (నడుస్తుండగా కోడ్ పుట్టించే భాగం) రాసేవాళ్లకు: మెమరీ ఒకేసారి రాయడానికీ నడపడానికీ తెరిచి ఉండదు. మ్యాప్‌జిట్ ఫ్లాగ్‌తో తీసుకుని, రాసే ముందు ఆ థ్రెడ్‌కి రక్షణ తెరిచి, రాశాక మూసి, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌ని చెల్లనిదిగా చేయాలి. ఇంటెల్‌లో ఆ చివరి అడుగు అవసరం లేదు కాబట్టి అందరూ మర్చిపోయేది అదే.

మిగతావి క్లుప్తంగా. లాంగ్ డబుల్ ఇక్కడ 64 బిట్లే, ఇంటెల్‌లోని 80 బిట్ల కచ్చితత్వం ఉండదు. పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే క్రాష్ అవదు, 0 వస్తుంది. క్రాష్ కోసం ఎదురుచూసే టెస్టులు మౌనంగా తప్పుతాయి. నేటివ్ కోడ్ దేనికైనా సంతకం తప్పనిసరి, కనీసం తాత్కాలిక సంతకమైనా ఉండాలి. లింకర్ అది తనే వేస్తుంది, కానీ ఆ తర్వాత బైనరీని దిద్దే స్క్రిప్ట్ ఉంటే సంతకం చెడి ప్రోగ్రామ్ తెరుచుకోగానే చంపబడుతుంది.

#13 సున్నా పాయింటర్ · అక్టోబర్ 8

42 రెట్ల సంగతి చాలా ఉపయోగపడింది. లెక్కల వైపు వాళ్లకు ఇంకొకటి కలుపుతాను: జీసీసీ కంపైలర్‌కి ఆర్మ్ మ్యాక్ కోసం కోడ్ పుట్టించే భాగం ఇంకా అధికారిక విడుదలలో లేదు, అంటే దానిలోని ఫోర్ట్రాన్ కంపైలర్ జీఫోర్ట్రాన్ లేదు. పైథాన్ లెక్కల లైబ్రరీ సైపై, గణాంకాల భాష ఆర్ రెండూ దాని మీద ఆధారపడ్డవే. కొంతకాలం వాటిని రోజెట్టాలోనే నడపాలి. హోమ్‌బ్రూతో టూల్స్ ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లు యూఎస్ఆర్ లోకల్ ఫోల్డరుని కొత్త మెషీన్‌కి మోయకండి, అందులో అంతా ఇంటెల్ బైనరీలే. బ్రూ బండిల్ డంప్ ఇచ్చి జాబితా ఫైలు తీసుకుని, అక్కడ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి.

#14 కొత్తచిగురు · నవంబర్ 3

నవంబర్ 10న కార్యక్రమం అని నిన్న ఆహ్వానాలు వచ్చాయి. పైన చెప్పినట్టు పరీక్షలు పూర్తయ్యాయి. ఇంటర్‌ఫేస్ క్లాస్ కంప్లయంట్. డాకర్ ఇమేజీల్లో మైఎస్‌క్యూఎల్ ఒక్కటే అడ్డు, మరియాడీబీకి మార్చవచ్చు. విండోస్ ప్రోగ్రామ్ 64 బిట్, దాని లైసెన్సు డాంగిల్‌కి (మెషీన్‌కి తగిలించే తాళం లాంటి పరికరం) కెర్నల్ డ్రైవర్ ఉంది. ఆ రోజు స్పెసిఫికేషన్ల పేజీలో ముందు ఏం చూడాలి?

#15 పెంగ్విన్ నేస్తం · నవంబర్ 3

డాంగిల్ డ్రైవర్ ఉందంటే ఆర్మ్ విండోస్‌లో 64 బిట్ ఎమ్యులేషన్ వచ్చినా లాభం లేదు. అక్కడ కూడా డ్రైవర్లను ఎమ్యులేట్ చేయరు, ఆర్మ్64 డ్రైవరే కావాలి. ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి ఏదైనా ఇంటెల్ విండోస్ మెషీన్ విడిగా పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్‌తో మ్యాక్ నుంచి వాడితే మ్యాక్ ఎంపిక స్వేచ్ఛగా చేసుకోవచ్చు. డాంగిల్ ఆ మెషీన్‌కే తగిలించి ఉంచండి. కొన్ని డాంగిల్ లైసెన్సులు రిమోట్ సెషన్‌ని నిరాకరిస్తాయి, అది ముందే పరీక్షించండి.

#16 అర్ధవాహకం · నవంబర్ 3

స్పెసిఫికేషన్లలో నాలుగు చూడండి.

గరిష్ఠ మెమరీ ఎంత. మెమరీ చిప్‌తోపాటే ఉండి సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ పంచుకుంటాయి. గ్రాఫిక్స్‌కి విడిగా ఉండదు, తర్వాత పెంచుకోలేరు. డాకర్, ఫొటోషాప్ కలిసి తెరిచేవారికి 8 జీబీ సరిపోదు.

బయటి డిస్‌ప్లేలు ఎన్ని. ఐప్యాడ్ ప్రో బయట ఒక్కదాన్నే నడుపుతుంది. పోర్టుల సంఖ్య చూసి డిస్‌ప్లేలు లెక్కపెట్టకండి, ఎన్నింటికి సపోర్ట్ అని రాసిన వరుసనే చదవండి.

థండర్‌బోల్ట్. కొనసాగిస్తామని ఆపిల్ జూలైలో చెప్పింది, కాబట్టి ఉంటుంది. ఎన్ని పోర్టులన్నది చూడండి. థండర్‌బోల్ట్ ఉందని బయటి గ్రాఫిక్స్ పెట్టె పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. డెవలపర్లకు ఇచ్చిన పత్రాల్లో ఈ మ్యాక్‌ల గ్రాఫిక్స్ అంటే ఆపిల్ గ్రాఫిక్సే.

ఫ్యాన్ ఉందా.

#17 నాదబిందు · నవంబర్ 4

ఐదోది ఆ పేజీలో ఉండదు. కొత్త మెషీన్ ఏ మ్యాక్ ఓఎస్‌తో వస్తే దానికంటే పాతది అందులో ఎక్కదు, అంటే బిగ్ సర్ తప్పనిసరి. ఇప్పుడున్న మెషీన్‌ని కాటలినా మీదే ఉంచి, టైమ్ మెషీన్ బ్యాకప్ ఒకటి విడిగా తీసి, ట్రాకులన్నీ ఫ్రీజ్ చేసి ఎగుమతి అయ్యాయో లేదో ఒక్కో ప్రాజెక్టూ తెరిచి చూశాకే ఆర్డర్ పెట్టండి. మైగ్రేషన్ అసిస్టెంట్‌తో ఫైళ్లు తెచ్చుకోండి, ప్లగిన్లు మాత్రం కంపెనీ సైట్ల నుంచి తాజా ఇన్‌స్టాలర్లతో వేయండి. వాటి లైసెన్సులు కొన్ని మెషీన్‌కి ముడిపడి ఉంటాయి. పాత మెషీన్‌లో డీయాక్టివేట్ చేయకుండా దాన్ని తుడిచేస్తే ఆ లైసెన్సు ఇరుక్కుపోతుంది.